నాన్నగారి చేతే మార్కులు వేయించండి

ప్రశ్న: నాన్నకు 66 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, ఏ రోజూ బిళ్ల తప్పేవారు కాదు. నాలుగు నెలల క్రితం షుగర్ పెరిగిందని, ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి రావచ్చని డాక్టరు అన్నారు. అప్పటి నుంచి ఫోన్లో ఒకాయన వీడియోలు చూస్తున్నారు. షుగర్ అసలు జబ్బే కాదు, మందులే జబ్బు అంటాడాయన, చివర్లో ఒక పొడి అమ్ముతాడు. రెండు నెలలుగా నాన్న బిళ్లలు మానేసి ఆ పొడే తాగుతున్నారు. మొన్న అమ్మ పోరు పడలేక ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే పరగడుపున 280 వచ్చింది. మిషన్ పాడైందన్నారు. నేను డాక్టర్ల వీడియోలు, పేపర్లో వచ్చిన వార్తలు ఇరవై పైగా పంపాను. అన్నయ్య అయితే ఫోన్లో గట్టిగా అరిచాడు. ఇప్పుడు నాన్న మాతో సరిగా మాట్లాడటం లేదు, పైగా వాకింగ్ ఫ్రెండ్స్ ఇద్దరి చేత కూడా ఆ పొడి కొనిపించారు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి ఈ చిన్న లాజిక్ ఎందుకు ఎక్కడం లేదు? పోయినేడు నేనే ఒక ఆన్‌లైన్ కోర్సు ప్రకటన నమ్మి 40 వేలు పోగొట్టుకున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు, నాన్నకు చెప్పేటంత దాన్నా నేను అని కూడా అనిపిస్తోంది. వచ్చే ఆదివారం ఊరెళ్తున్నాను. ఏం చెప్పి ఒప్పించాలి?
- పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు వైద్యం సంగతి చూసి తర్వాత మనసు సంగతికి వద్దాం. బిళ్లలు మానేసిన మనిషికి పరగడుపున 280 అంటే నెలల తరబడి నచ్చజెప్పుకుంటూ కూర్చునే వ్యవహారం కాదు. ఈరోజే అమ్మగారికి ఫోన్ చేసి అడగండి, నాన్నగారికి దాహం ఎక్కువైందా, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నారా, బట్టలు వదులవుతున్నాయా అని. అవునంటే ఆదివారం దాకా ఆగకండి. వాంతులు, ఆయాసం, మగత, మాట తడబడటం లాంటివి కనిపిస్తే అప్పుడు ఒప్పించే పనేమీ పెట్టుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లమని అమ్మగారికి, అన్నయ్యకు ఇద్దరికీ చెప్పి ఉంచండి. ఆయన్ను చూసే డాక్టరుకు మీరే ఫోన్ చేసి ఏయే బిళ్లలు ఎప్పుడు ఆపారో చెప్పండి. మళ్లీ ఏది ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయన చెప్పాల్సిందే, ఇంట్లో తేల్చుకునేది కాదు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఏం చెప్పి ఒప్పించాలి అన్నారు. ఏమీ చెప్పొద్దనే నేనంటాను. ఇరవై వీడియోలు పంపారు, ఇరవై ఒకటోది పని చేస్తుందని మీకూ నమ్మకం లేదు, లేకపోతే నాకు ఉత్తరం రాసేవారే కాదు.

లెక్కల మాస్టారికి లాజిక్ ఎక్కడం లేదన్నారు. నాకలా అనిపించడం లేదు, ఆయన లాజిక్ చక్కగా పనిచేస్తోంది, కాకపోతే ఒకే వైపు పనిచేస్తోంది. 1992లో డిట్టో, లోపెజ్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ పిల్లలకు పసుపు రంగు కాగితం ముక్క ఒకటి ఇచ్చారు. ఉమ్మిలో తడిపి చూడండి, మీ ఒంట్లో ఫలానా ఎంజైము తక్కువగా ఉందో లేదో తెలుస్తుంది అన్నారు. ఆ ఎంజైమూ లేదు, ఆ కాగితం రంగూ మారదు, అంతా కల్పితం. రంగు మారకపోతే ఆరోగ్యం బాగున్నట్టే అని కొందరికి చెప్పారు, రంగు మారకపోతే లోపం ఉన్నట్టు అని ఇంకొందరికి చెప్పారు. బాగున్నట్టే అని విన్నవాళ్లు కాసేపు చూసి సరే అని పక్కన పెట్టేశారు. లోపం అని విన్నవాళ్లు మాత్రం ఇంకా ఇంకా ఆగి చూశారు, మళ్లీ మళ్లీ ముంచి చూశారు, పరీక్షలోనే ఏదో తేడా ఉందేమోనన్నారు. మీ నాన్నగారి 280 కథ ఇదే కదా. అదే మిషన్ 120 చూపించి ఉంటే పాడైందా అని ఎవరైనా అడుగుతారా? మనకు ఇష్టమైన మాట వస్తే "నమ్మొచ్చా?" అని చూస్తాం, ఇష్టం లేని మాట వస్తే "నమ్మక తప్పదా?" అని చూస్తాం. రెండో ప్రశ్నకు తప్పించుకునే దారి ఎప్పుడూ దొరుకుతుంది, తెలివైనవాళ్లకు ఇంకాస్త తొందరగా దొరుకుతుంది.

ఆయనకు ఇష్టం లేని మాట ఏది? మీ ఉత్తరంలోనే ఉంది, ఇన్సులిన్. మన ఊళ్లలో ఆ మాటకు ఉన్న అర్థం మీకు తెలుసు, ఇక రోజూ పొడుచుకోవడమే, ఇక మనిషి పని అయిపోయినట్టే అన్నట్టు మాట్లాడుకుంటారు (నిజానికి ఎంతోమంది ఇన్సులిన్ వేసుకుంటూ ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతున్నారు). ఆ మాట విని డాక్టరు గదిలోంచి బయటికి వచ్చిన మనిషికి ఆ రాత్రి ఫోన్లో ఒకడు కనిపించి, మీకు జబ్బే లేదండీ అన్నాడు. పొడి తర్వాత, ముందు అతను అమ్మింది ఆ మాట. మీరు పంపిన ఇరవై వీడియోల్లో ఒక్కటైనా ఆయన భయం గురించి మాట్లాడిందా? అన్నీ పొడి గురించే మాట్లాడి ఉంటాయి.

ఆపైన రోజూ వినడం. చిన్నప్పుడు విన్న కథే, మేకను భుజాన వేసుకుని పోతున్న బ్రాహ్మణుణ్ణి ముగ్గురు దొంగలు ఒకరి తర్వాత ఒకరు దారిలో అడ్డుపడి కుక్కను మోస్తున్నావేంటయ్యా అంటారు, మూడోవాడు అనేసరికి ఆయన మేకను వదిలేసి పోతాడు. ఆ కథలో ఉన్నదాన్నే 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అనే ముగ్గురు ప్రయోగం చేసి చూపించారు. కాలేజీ పిల్లలకు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలు ఇచ్చి, ఇవి ఎంతవరకు నిజమనిపిస్తున్నాయి అని అడిగితే, మళ్లీ మళ్లీ కనిపించిన వాక్యాలు ప్రతిసారీ ఇంకొంచెం నిజంగా అనిపించాయి, అవి తప్పు వాక్యాలైనా సరే. ఆ పిల్లలు విన్నది మూడుసార్లు, మీ నాన్నగారు రెండు నెలలుగా రోజూ వింటున్నారు. ఒక వీడియో చూస్తే అలాంటివే ఇంకో పది ఫోను తెచ్చి ముందు పెడుతోంది. అందుకే మీరు కూడా "షుగర్ జబ్బు కాదు అన్నది అబద్ధం" అంటూ ఆ మాటనే మళ్లీ మళ్లీ ఎత్తకండి. ఖండిస్తున్నా సరే, మళ్లీ వినిపిస్తున్నది ఆ మాటే.

ఇద్దరి చేత కొనిపించారు అన్నారే, నాకు అన్నిటికంటే బరువుగా తోచింది అది. తాను ఒక్కడే తాగినంతకాలం అది పొడి, ఇంకొకరికి చెప్పాక అది ఆయన మాట. ముప్పై ఏళ్లు ఊరంతా మాస్టారూ అని పిలిచిన మనిషి, పార్కులో పదిమంది ముందు నేను తప్పు చెప్పానర్రా అనగలగడం ఎంత కష్టమో ఆలోచించండి. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని మనం ఎగతాళిగా అంటాం కానీ, ఆ నాలుగో కాలు ఒప్పుకుంటే ఏం పోతుందో ఆ మనిషికే తెలుసు. పరువు పోకుండా వెనక్కి వచ్చే దారి మీరు చూపించకపోతే ఆయన రారు.

ఇక అన్నయ్య అరుపు. 1966లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి రియాక్టెన్స్ అని పేరు పెట్టారు. ఇది నా ఇష్టం అనుకున్నదాన్ని ఎవరైనా లాక్కోబోతే, ఆ వస్తువు మీద కంటే ఆ ఇష్టాన్ని కాపాడుకోవడం మీద పంతం పెరుగుతుంది. 1970ల మొదట్లో అమెరికాలోని మయామీ ప్రాంతంలో ఫాస్ఫేట్ ఉన్న బట్టల సబ్బుపొడిని నిషేధించారు. ఏం జరిగింది? జనం పక్క ప్రాంతాలకు పోయి పెట్టెలకొద్దీ తెచ్చి దాచుకున్నారు, నిషేధం లేని టాంపా ఊరివాళ్ల కంటే మయామీ వాళ్లే ఆ సబ్బుపొడి బాగా ఉతుకుతుందని గట్టిగా చెప్పారు. సబ్బు అదే, మారింది దాన్ని వద్దనడం ఒక్కటే. మీ ఇంట్లో ఆ పొడి డబ్బా ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు కానీ, అమ్మగారికి దొరకని చోట ఉండి ఉంటుందని అనుకుంటున్నాను.

ఈ మాట నేను చదివి చెప్పడం లేదు. మా నాన్న చుట్టలు కాల్చేవారు, రోజుకు ఎనిమిది. డిగ్రీ చదివే రోజుల్లో నేను పత్రికల్లోంచి పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు కత్తిరించి ఆయన మంచం పైన గోడకు అన్నం మెతుకులతో అంటించాను. సాయంత్రం ఆయన వచ్చి, చూసి, ఒక్క మాట అనలేదు. గోడ సున్నం రాలకుండా గోటితో జాగ్రత్తగా ఒక్కొక్కటే ఊడదీసి, మడతపెట్టి నా పుస్తకాల మీద పెట్టారు. అప్పటిదాకా పెరట్లో కాల్చేవారు, మర్నాటి నుంచి వీధి అరుగు మీద కూర్చుని కాల్చడం మొదలుపెట్టారు. నేను రోజుకు రెండు పూటలా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, ఆయనా నేనూ ఏడాది పాటు సరిగా మాట్లాడుకోలేదు. ఆ ఏడాది చలికాలంలో మా ఊరి కాంపౌండరు, నాన్నకు బావ వరస, దగ్గుకు మందిస్తూ, "ఏం బావా, చుట్ట అంటే నీకు బాగా ఇష్టమా?" అన్నాడు. అవునన్నారు నాన్న. "మరి దాంతో ఇబ్బందేం లేదా?" నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చిన్న మనవడు దగ్గరికి రావట్లేదురా, కంపంటున్నాడు" అన్నారు. కాంపౌండరు, "అలాగా, అయితే ఏం చేద్దామనుకుంటున్నావు?" అని మాత్రం అడిగాడు. అంతే. క్యాన్సర్ అనలేదు, చస్తావు అనలేదు. ఆయన పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎనిమిది నుంచి రెండుకు దిగారు, అవి కూడా పిల్లవాడు బడికి పోయాకే. నా గోడ బొమ్మల్లో ఆ మనవడి మాట లేదు, ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే అది ఆయన లోపల ఉన్న కారణం.

ఆ కాంపౌండరుకు తెలియకుండానే చేసిన పనిని విలియం మిల్లర్ అనే ఆయన తాగుడు మానలేని వాళ్లతో పనిచేస్తూ 1983లో ఒక పద్ధతిగా రాశారు. 1993లో ఆయన, ఆయనతో పనిచేసేవాళ్లు కలిసి చేసిన ఒక అధ్యయనంలో, సలహా చెప్పే మనిషి ఎంత గట్టిగా నిలదీస్తే ఆ తాగేవాళ్లు ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. నిలదీస్తే మనిషి తన పక్షాన వాదించుకుంటాడు, వాదించేకొద్దీ తన మాట తనకే ఇంకా నమ్మకంగా వినిపిస్తుంది. కాబట్టి ఆయన నోటి నుంచి పొడి పక్షాన వాదన రాకుండా, బిళ్లల పక్షాన ఒక్క మాటైనా ఆయనంతట ఆయన అనేలా అడగాలి.

మాస్టారు కదా, మార్కులు వేయించండి. "నాన్నా, బిళ్లలు అవసరమే అన్నమాటకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని అడగండి. కోపం మీద రెండు అంటారు. అప్పుడు మీ నోట్లోంచి ఎనిమిది ఎందుకు వేయలేదు అన్న మాట రాబోతుంది, నాలుక కరుచుకోండి. "రెండా? మరి సున్నా ఎందుకు వేయలేదు?" అనండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆయన బిళ్లలకు అనుకూలంగానే మాట్లాడాలి, పదేళ్లు పనిచేశాయి కదా అనో, మీ అమ్మ భయపడుతోంది అనో. వినండి, మధ్యలో అందుకోకండి, "చూశారా, మీరే ఒప్పుకున్నారు" అని మాత్రం చచ్చినా అనకండి. ఆ రోజుకు అంతే చాలు.

ఇన్సులిన్ భయం గురించి కూడా అడగండి. ఆ రోజు డాక్టరు అలా అన్నప్పుడు మీకేమనిపించింది నాన్నా అని. నాలుగు నెలల్లో ఇంట్లో ఒక్కరూ ఈ ప్రశ్న అడిగి ఉండరు.

నిర్ణయం మీదే అని నోరు తెరిచి చెప్పండి. ఫ్రాన్స్‌లో గెగెన్, పాస్కల్ అనే ఇద్దరు 2000లో ఒక చిన్న ప్రయోగం చేశారు. దారిన పోయేవాళ్లను బస్సు చార్జీకి చిల్లర అడిగితే నూటికి 10 మంది ఇచ్చారు. అదే అడుగుతూ, ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టమండీ అని ఒక్క ముక్క కలిపితే 47 మంది దాకా ఇచ్చారు. ఆ మాట మీరు నటిస్తూ అంటే ఆయన పసిగడతారు, పిల్లలు కాపీ కొడుతుంటే వెనక నుంచి పట్టుకున్న మనిషి. నిజంగానే ఆయన నోట్లో బిళ్ల మీరు వేయలేరు కదా, ఆ నిజాన్నే చెప్పండి.

మీ 40 వేల సంగతి. దాని వల్ల మీకు చెప్పే అర్హత పోయిందనుకుంటున్నారు, నేనైతే ఆదివారం ఆ మాటతోనే మొదలుపెట్టమంటాను. 2002లో సాగరిన్ అనే పరిశోధకుడు, ఇంకొందరు కలిసి విద్యార్థులకు మోసపు ప్రకటనలను ఎలా గుర్తుపట్టాలో నేర్పారు. నేర్పినంత మాత్రాన పెద్దగా లాభం లేకపోయింది, ఎందుకంటే ప్రతివాడూ ఇవన్నీ ఎదుటివాళ్లకు, నేను పడను అనుకున్నాడు. ఇప్పుడే నువ్వు కూడా ఈ ప్రకటనకు పడ్డావు చూడు అని చూపించాకే వాళ్లు జాగ్రత్తపడ్డారు. నాన్నగారికి నువ్వు పడ్డావు అని చూపిస్తే పోట్లాట అవుతుంది. మీరు పడ్డారని చూపించండి. ఆ ప్రకటనలో ఏ మాట మిమ్మల్ని పట్టుకుంది, డబ్బు పోయిందని తెలిశాక కూడా మనసు ఎందుకు ఒప్పుకోలేదు, ఇంట్లో ఎందుకు దాచారు, అన్నీ చెప్పండి. ఆయనకు సలహా అడగండి కూడా. కూతురు మోసపోతే కోప్పడతారేమో, పడనివ్వండి. చదువుకున్నవాళ్లు కూడా మోసపోతారు, మోసపోయినా తల ఎత్తుకుని మాట్లాడొచ్చు అని ఆ గదిలో ఒకరు చేసి చూపించాలి, ఆ పని మీదే. పొడి ఊసు ఆ మాటల్లో తీసుకురాకండి, ఆయన కలుపుకుంటే కలుపుకుంటారు.

ఇంకొకటి, ఆ వీడియోలాయన తర్వాత ఏం చెప్తాడో ముందే ఊహించవచ్చు. నీరసం వస్తే ఒంట్లో విషం పోతోంది అంటారు, అంకె పెరిగితే అది మంచికే అంటారు, ఇలాంటి వ్యాపారాల్లో ఇది మామూలే. 1960ల మొదట్లో విలియం మెక్‌గైర్ అనే ఆయన, మశూచికి టీకా వేసినట్టు అబద్ధానికి కూడా వేయొచ్చని చూపించారు. తిన్నాక పళ్లు తోముకోవడం మంచిది లాంటి ఎవరూ కాదనని మాటల మీద జనానికి ఉన్న నమ్మకాన్ని వాదనలతో కదిలించి చూస్తే, ఆ మాటలకు వత్తాసు పలికే కారణాలు మాత్రమే విని వచ్చినవాళ్లు తొందరగా తడబడ్డారు. ఎదుటివాడి వాదనను చిన్న మోతాదులో, దానికి జవాబుతో సహా ముందే విన్నవాళ్లు గట్టిగా నిలబడ్డారు. ఈ టీకా నాన్నగారికి ఇప్పటికే ఆలస్యమైంది, అమ్మగారికి, ఆ వాకింగ్ ఫ్రెండ్స్ ఇళ్లలోవాళ్లకు వేయండి. నాన్నగారికైతే వేరే రకంగా, అంకె ముందే రాయించుకోవడం. "సరే నాన్నా, పొడి పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ల్యాబ్‌లో ఎంత వస్తే పని చేయనట్టు?" అని అడిగి, ఆయన చెప్పిన అంకెను ఆయన చేతే గోడ క్యాలెండరు మీద రాయించండి. పరీక్ష ల్యాబ్‌లో, మిషన్ గొడవ లేకుండా, ఇంటి మిషన్‌తో పాటు అదే పూట. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి కూడా చేయించండి, బిళ్లలు వేసుకున్న రోజుల్లోది పాత రిపోర్టు ఇంట్లో ఉండే ఉంటుంది, పక్కన పెట్టి చూసుకుంటారు. అంకెలు చూసి తానే తేల్చుకుంటే అది ఆయన లెక్క అవుతుంది, మీ గెలుపు కాదు. కానీ ఇది సోమవారమే జరగాలి, ఆయన బిళ్లలు లేకుండా ఉన్నారని మరిచిపోకండి.

ల్యాబ్ తర్వాత వెళ్లే డాక్టరు ఎవరన్నది ముఖ్యం. ఇన్సులిన్ మాట అన్న ఆయన దగ్గరికే వెంటనే వెళ్లడం కష్టమనిపిస్తే బలవంతం చేయకండి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి శిష్యుల్లో తెనాలిలోనో గుంటూరులోనో ఒక డాక్టరు లేకుండా ఉంటారా? "మాస్టారూ, ఒకసారి రండి, చూస్తాను" అని ఆ పిల్లవాడు అంటే ఆ గదిలోకి ఆయన రోగిగా కాకుండా గురువుగా వెళ్తారు. పొడి డబ్బా కూడా తీసుకెళ్లమనండి. ఇలా మూలికల పేరుతో అమ్మిన పొడుల్లో మామూలు షుగర్ మందులే గుట్టుగా కలిపి దొరికిన సందర్భాలు ఉన్నాయి, డాక్టరు అది తెలుసుకోవాలి.

షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఫిర్యాదు చేయాలనుంటే ఔషధ నియంత్రణ అధికారులకు తప్పకుండా చేయండి, కానీ ఆ కాగితం ఆదివారం సంచిలో పెట్టుకుని వెళ్లకండి. నాన్నగారి ముందు అది ఆ అమ్మేవాడి మీద కేసుగా కనిపించదు, తన మీద తీర్పుగా కనిపిస్తుంది.

అన్నయ్యకు ఈ ఉత్తరం చూపించండి. క్షమాపణ చెప్పమనడం లేదు, వారం పాటు షుగర్ మాట ఎత్తకుండా నాన్నకు ఫోన్ చేయమనండి, పొలం సంగతో పిల్లల చదువు సంగతో మాట్లాడమనండి. అమ్మగారిని కాపలా డ్యూటీ నుంచి తప్పించండి, రోజూ డబ్బా వెతికే మనిషిగా ఆవిడ ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆయనకు దాచుకోవడమే పని అవుతుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వాలుకుర్చీలో కూర్చుంటారు కదా, మీరు కింద కూర్చుని 40 వేల సంగతి మొదలుపెట్టండి. ఫోను లోపలి గదిలో వదిలేసి రండి, ఆయనకు చూపించడానికి అందులో ఏమీ లేదు. ల్యాబ్ రిపోర్టు వచ్చాక నాకు రాయండి, అంకె ఎంతైనా సరే.